మాస్టారి లెక్కల మీద సంతకం పెట్టాలా, వద్దా?

ఈ వారం ఉత్తరం ఒక కళాసంస్థ కార్యదర్శి రాసింది. ఆమె వయసు నలభై ఒకటి. పన్నెండేళ్లప్పుడు పాట నేర్చుకోవడానికి వెళ్లిన సంస్థలోనే పెరిగి, అక్కడే పిల్లలకు పాట చెప్పి, ఆరేళ్లుగా కార్యదర్శి బాధ్యత చూస్తున్నారు. జీతం లేదు. పగలు ఉద్యోగం, సాయంత్రం సంస్థ. చుట్టుపక్కల పిల్లలకు సంగీతం, నృత్యం, నాటకం ఉచితంగా నేర్పడం, ఏడాదికి రెండు మూడు ప్రదర్శనలు ఇవ్వడం ఆ సంస్థ పని.

"సంస్థను స్థాపించింది మాస్టారు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు తన ఇంటి వసారాలో నలుగురు పిల్లలతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. మొదటి రోజు నుంచీ ఆయనే అధ్యక్షుడు. మా నాన్న పోయిన ఏడాది నా కాలేజీ ఫీజు ఆయనే కట్టారు. ఆ సంగతి ఇప్పటికీ ఎవరి దగ్గరా ఎత్తలేదు" అని రాశారామె.

తొమ్మిది మంది కార్యవర్గంలో మాస్టారి భార్య కోశాధికారి, బావమరిది ఉపాధ్యక్షుడు, కుమార్తె సభ్యురాలు. మరో ఇద్దరు సమావేశాలకు రారు, మినిట్స్ పుస్తకం ఇంటికి తీసుకెళ్తే సంతకం పెట్టి ఇస్తారు. విరాళాలు కొన్ని సంస్థ ఖాతాలోకి, కొన్ని మాస్టారి సొంత ఖాతాలోకి వస్తాయి. హాలు అద్దెకు తక్కువపడితే ఆయన తన పింఛను లోంచి తీసి కడతారు, విరాళం అందినప్పుడు అందులోంచి సర్దుకుంటారు. దుస్తుల కుట్టుకూలి, లైట్ల అద్దె, వ్యాను కిరాయి వగైరాలన్నీ పాత కరపత్రాల వెనక రాసిన చీటీలుగా ఒక హార్మోనియం పెట్టెలో ఉంటాయి. సంస్థ మాస్టారికి బాకీ పడిందో, మాస్టారే సంస్థకు బాకీ పడ్డారో ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా.

ఇంతలో ఒక దాతృత్వ సంస్థ మూడేళ్ల పాటు ఆర్థిక సాయం చేస్తామని ముందుకొచ్చింది. షరతులు మూడు: గత మూడేళ్ల లెక్కలు ఆడిట్ అయి ఉండాలి, డబ్బంతా సంస్థ ఖాతా ద్వారానే నడవాలి, కార్యవర్గంలో ఒక కుటుంబం నుంచి ఒక్కరికి మించి ఉండకూడదు. ఈమె సంతోషంగా వెళ్లి చెబితే, మాస్టారు రిహార్సల్ మధ్యలో పిల్లలందరి ముందు గొంతు పెంచారు. "నా చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో వాళ్లెవరో వచ్చి చూస్తారా? నువ్వు నాకు లెక్కలు నేర్పుతావా?" అన్నారు. మర్నాడు ఏమీ జరగనట్టే మాట్లాడి, పోయిన ఏడాది జమాఖర్చుల పత్రం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. ఆ పత్రం ఇంకా ఈమె సంచిలోనే ఉంది.

రెండు నెలల్లో సర్వసభ్య సమావేశం. అధ్యక్ష పదవి కుమార్తెకు అప్పగించాలని మాస్టారి కోరిక. ఉద్యోగం మానుకుని ఈమధ్యే తిరిగి వచ్చిన ఆ అమ్మాయి ఒకరోజు మెల్లగా, "నేను రావడం నీకు ఇష్టం లేదా అక్కా?" అని అడిగింది. ఈమె జవాబు చెప్పలేకపోయారు. ఆ తర్వాత నలుగురు ఉపాధ్యాయులు ఇంటికొచ్చి, "మీరు పోటీ చేయండి, మేమంతా మీ వెనకే. మీరు కాదంటే మేం మానేస్తాం" అన్నారు. భర్త మాత్రం "ఆ గొడవంతా మనకెందుకు, వదిలెయ్" అంటున్నారట. ఉత్తరం చివర ఇలా ఉంది: "ఎదురు నిలబడితే కృతఘ్నురాలిని. సంతకం పెడితే అబద్ధానికి సాక్షిని. వదిలేస్తే పిల్లలకు ద్రోహం చేసినదాన్ని. రాజీనామా లేఖ రాసి పెట్టుకున్నాను. ఏం చేయమంటారు?"

*

ముందు మీ సంచిలో ఉన్న పత్రం సంగతి చూద్దాం. మిగతావాటికి వ్యవధి ఉంది, దానికి లేదు.

మీకు తెలియని లెక్క మీద సంతకం పెట్టకండి. మీ ఉత్తరానికి నేను ఖాయంగా చెప్పగల జవాబు ఇదొక్కటే, మిగతావన్నీ మీరు తూచి తేల్చుకోవలసినవి. కార్యదర్శి సంతకానికి అర్థం "ఇందులో ఉన్నది నాకు తెలిసినంతవరకు నిజం" అని. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మాస్టారి మీద మీకున్న గౌరవం అక్కడ సాక్ష్యంగా చెల్లదు. సంతకం మీది, జవాబుదారీ మీది.

అయితే పెట్టకపోవడానికీ పద్ధతులున్నాయి. పత్రాన్ని అలా సంచిలోనే ఉంచుకుని రోజులు గడపడం అన్నిటికన్నా చెడ్డది. ఆయన దాన్ని అలక అనుకుంటారు, మీరు దాన్ని దోషంలా మోస్తారు. తిరిగి ఇచ్చేస్తూ, "మాస్టారూ, దీనికి చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి సరిచూసుకున్నాక సంతకం పెడతాను. ఈ ఆదివారం నుంచి నేనే కూర్చుని రాస్తాను" అని చెప్పవచ్చు. లేదా, సంస్థ ఖాతాలో నడిచినంతవరకే ఒక పత్రం తయారుచేయించి, "అధ్యక్షుల సొంత ఖాతా ద్వారా జరిగిన లావాదేవీలు ఇందులో చేరలేదు" అని దాని మీదే రాసి సంతకం పెట్టవచ్చు. మొదటి దారిలో మీకు పని పెరుగుతుంది, కానీ ఆయనతో మాట తెగదు. రెండో దారి మిమ్మల్ని కాపాడుతుంది, కానీ ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు ఆయన మనసు విరుగుతుంది. నేనైతే మొదటిదానితో మొదలుపెట్టి, అది సాగకపోతేనే రెండోదానికి వెళ్తాను.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మాస్టారు డబ్బు తిన్నారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు ఆ అనుమానం ఉన్నట్టు కూడా నాకు అనిపించలేదు. ఇల్లూ సంస్థా వేరు కానప్పుడు మొదలైన అలవాటు ఇది. నలుగురు పిల్లలు వసారాలో కూర్చున్న రోజుల్లో ఆయన జేబే సంస్థ ఖజానా. సంస్థ పెరిగింది, జేబు మాత్రం మారలేదు. చిన్న కళాసంస్థల్లో చాలావాటిది ఇదే కథ. స్థాపకుల్లో ఎక్కువమంది సంస్థ కోసం సొంతది పోగొట్టుకున్నవారే. కానీ కలిసిపోయిన డబ్బుతో ఒక చిక్కుంది: తినలేదని నిరూపించడానికి కూడా దారి ఉండదు. ఆయన నిజాయితీకి ఇప్పుడున్న ఒకే ఆధారం ఆయన మాట. ఆయన ఉన్నన్నాళ్లు అది చాలవచ్చు. ఆ తర్వాత?

ఆ తర్వాత ఏమవుతుందో కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే దీన్ని మాస్టారికి ఎవరూ చెప్పి ఉండరు. సొంత ఖాతాలో ఉన్న డబ్బు బ్యాంకు దృష్టిలో ఆయన సొంతమే. అది సంస్థదని చూపే కాగితం లేకపోతే, ఆయన తదనంతరం వారసులకు వెళ్లవచ్చు, సంస్థకు కాదు. బ్యాంకుకు మీ సంస్థ పేరు కూడా తెలియదు. హాలుకు కట్టిన అడ్వాన్సు ఎవరి పేరు మీద ఉంది? వాద్యాలు కొన్న రశీదులు ఎవరి పేరున ఉన్నాయి? అద్దె ఒప్పందం మీద సంతకం అధ్యక్షుడిగా చేశారా, సొంత హోదాలో చేశారా? దీనికి తలకిందుల వైపు కూడా ఉంది. ఆయన పింఛను లోంచి పెట్టిన డబ్బుకు కాగితం లేకపోతే, రేపు ఆయన భార్యకు అవసరం వచ్చినా సంస్థ నుంచి ఒక్క పైసా అడగలేరు. ఇన్నేళ్లు ఆయన ఇచ్చింది ఎక్కడా నమోదు కాలేదు. ఏ చరిత్రలోనూ లేని త్యాగం అది.

మాస్టారితో మాట్లాడేటప్పుడు మొదలుపెట్టవలసింది ఇక్కడి నుంచే అని నా అభిప్రాయం. లెక్కలు చూడడం అంటే తన తప్పులు వెతకడం అని ఆయనకు వినబడింది. నిజానికి ఆ హార్మోనియం పెట్టె విప్పి వరసగా రాస్తే మొట్టమొదట బయటపడేది ఆయన ఎంత పెట్టారన్నదే. ఒక పుస్తకం తీసుకోండి. తేదీ, ఎవరికి, దేనికి, ఎంత, ఎవరి డబ్బు. ఈ అయిదు గళ్లు చాలు. చివరి గడిలో "సంస్థ" అని రాయవలసినచోట సంస్థ, "మాస్టారు" అని రాయవలసినచోట మాస్టారు. వెనకటి ఏళ్లన్నీ తవ్వక్కర్లేదు, గత మూడేళ్లు చాలు. చీటీ దొరకని ఖర్చులకు ఆయన చెప్పింది రాసి, చీటీ లేదని పక్కన రాయండి. ఆయన పెట్టిందంతా తేలాక దాన్ని అప్పుగా చూపాలా, విరాళంగా చూపాలా అన్నది ఆయనే చెప్పాలి, కార్యవర్గం తీర్మానం చేయాలి. విరాళం అన్నారనుకోండి, సంస్థ చరిత్రలో అందరికన్నా పెద్ద దాతగా ఆయన పేరు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. అప్పు అన్నారనుకోండి, మెల్లగా తీర్చే బాధ్యత సంస్థది అవుతుంది. రెండిట్లో ఏదైనా ఆయనకు ఇప్పుడున్న స్థితి కంటే మేలే.

ఈ మాట ఎక్కడ, ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యం. రిహార్సల్‌లో వద్దు. కార్యవర్గ సమావేశంలో మొదటిసారిగా ఎత్తడం అసలే వద్దు, నలుగురి ముందు ఆయన తగ్గలేరు. ఉపాధ్యాయులు వెంట రావద్దు. వారిలో ఒక్కరు పక్కన నిలబడినా అది నిలదీత అవుతుంది. మీరొక్కరే, ఆయన ఇంట్లో, ఆయన తీరికగా ఉన్న వేళ. అమ్మగారు కూడా ఉంటే మంచిది. కోశాధికారి ఆవిడే కదా, తనకు తెలియకుండా తన లెక్కల గురించి మాట్లాడుకున్నారన్న బాధ ఆవిడకు మిగలకూడదు. దాతల షరతులతో మొదలుపెట్టకండి. ఆయన మనసులో ఆ సంస్థ ఇప్పటికే తనను శంకించిన పరాయి. "మీరు ఇచ్చింది ఎక్కడా రాసి లేదు, అది నాకు బాధగా ఉంది" అని మొదలుపెట్టండి. మీ విషయంలో అది నిజం కూడా. మీ కాలేజీ ఫీజు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదని రాశారు. ఆ మనిషికి తాను ఇచ్చింది లెక్కపెట్టుకోవడం సిగ్గు. ఆ సిగ్గును గౌరవిస్తూనే, సంస్థకు ఆ సిగ్గు ఉండకూడదని చెప్పాలి.

కోప్పడతారా? బహుశా కోప్పడతారు. ఒకరోజు మాటలు మానేయవచ్చు. కానీ పిల్లల ముందు అరిచిన మర్నాడే మీ చేతికే పత్రం ఇచ్చారంటే, ఆయన ఇంకా మిమ్మల్నే నమ్ముతున్నారని అర్థం. ఆ నమ్మకాన్ని సంతకంతో సంతృప్తిపరచడం తేలిక, దాని మీద నిలబడి నిజం చెప్పడమే కష్టం.

ఇక కుర్చీ విషయం. లెక్కలూ వారసత్వమూ రెండూ ఒకేసారి మీద పడ్డాయి కాబట్టి మీకు అవి ఒకే గొడవలా కనిపిస్తున్నాయి. వాటిని విడదీయండి. లెక్కలు ఆగవు, అధ్యక్ష పదవి ఆగగలదు. మీ నిబంధనావళి తీసి చదవండి: పదవీకాలం ఎంత, వరసగా ఎన్నిసార్లు ఉండవచ్చు, ఎన్నికకు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కోరం ఎంత, ఓటున్న సభ్యులు ఎవరు. మాస్టారూ ఉపాధ్యాయులూ ఎవరికి వారు ఎవరు అధ్యక్షులు కావాలో చెబుతున్నారు గాని, ఓటెవరికి ఉందో మీ ఉత్తరంలో ఎవరూ చూసినట్టు లేదు. చాలా చిన్న సంస్థల్లో సభ్యత్వ రుసుము ఏళ్ల తరబడి ఎవరూ కట్టి ఉండరు, సభ్యుల జాబితా మొదటిరోజు రాసినదే ఉంటుంది. ఆ జాబితా సరిచేయకుండా జరిగే ఎన్నికలో ఎవరు గెలిచినా, ఓడినవారు దాన్ని చెల్లదనవచ్చు.

మాస్టారికి కుర్చీ వదలడం ఎందుకు అంత కష్టమో ఆలోచించారా? కూతురికి ఇవ్వాలనుకోవడం కూడా ఒకవిధంగా వదలకపోవడమే. అధ్యక్షుడి పనీ కళా దర్శకుడి పనీ మీ దగ్గర ఎప్పుడూ వేరు కాలేదు. అధ్యక్ష పదవి పోతే ఏ నాటకం వేయాలో చెప్పే హక్కు పోతుందని, పిల్లల ముందు కూర్చునే చోటు పోతుందని ఆయన భయం కావచ్చు. గౌరవాధ్యక్షుడన్న బిరుదు ఇచ్చి శాలువా కప్పితే ఆ భయం పోదు. ఆయనకు బిరుదు అక్కర్లేదు, పని కావాలి. కళా దర్శకత్వం ఆయన చేతిలోనే ఉంచి, డబ్బు, పాలన, ఒప్పందాలు మరొకరి చేతికి మారేలా నిబంధనావళిని సవరించుకునే మార్గం ఉంది. సంస్థ చెక్కుల మీద ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ ఒక కుటుంబం వారు కాకుండా ఉండడం దానితోపాటే వస్తుంది.

పెద్దపెద్ద కళాకారులే ఈ దశలో రకరకాలుగా నడుచుకున్నారు. అమెరికా నర్తకి మార్తా గ్రాహమ్ 1926లో తన బృందాన్ని స్థాపించి, 1991లో కన్నుమూసేదాకా దానికి ప్రాణంగా ఉన్నారు. తన ఆస్తిని సన్నిహితుడొకరికి వీలునామా రాశారు. నృత్యాలు ఆయనవా, సంస్థవా అన్నది మాత్రం తేలకుండా ఉండిపోయింది. ఆయనకూ పాలకవర్గానికీ చెడి, డబ్బు ఇబ్బందులు కూడా తోడై, 2000లో బృందం ప్రదర్శనలే ఆపేయవలసి వచ్చింది. చివరికి 2002లో న్యూయార్క్‌లో కోర్టు వాటిలో ఎక్కువ నృత్యాలు సంస్థవేనని తేల్చింది. సంస్థ ఉద్యోగిగా ఉంటూ ఆమె కూర్చినవి కాబట్టి అన్నది అందులో ముఖ్య కారణం. అమెరికాకే చెందిన నృత్య దర్శకుడు ఆల్విన్ ఏలీ సంగతి వేరు. 1958లో మొదలైన తన బృందాన్ని, 1989లో పోయేముందు, అందులోనే ఏళ్ల తరబడి నర్తించిన జూడిత్ జామిసన్‌ను అడిగి ఆమెకు అప్పగించారు. ఆమె 2011 దాకా నడిపారు. అక్కడి మరో నృత్య దర్శకుడు మెర్స్ కనింగ్‌హామ్ ఇంకో దారి పట్టారు. 2009లో, తొంభై ఏళ్ల వయసులో, తన తర్వాత బృందం రెండేళ్లు ప్రపంచమంతా తిరిగి ప్రదర్శనలిచ్చి మూతపడాలని ముందే రాసిపెట్టారు. నర్తకులకు వెళ్లేటప్పుడు ఆర్థిక సాయం, నృత్యాల హక్కులకు ఒక ట్రస్టు. ఆయన అదే ఏడాది పోయారు, బృందం 2011 డిసెంబరు 31న చివరి ప్రదర్శన ఇచ్చింది.

ఈ మూడు కథలూ మాస్టారికి చెప్పవచ్చు. కళాకారుల గురించి వినడం ఆయనకు ఇష్టంగానే ఉంటుంది. మొదటి కథలో ఉన్న ప్రమాదం మీకూ ఉంది. ఆయన రాసిన నాటకాలు, కట్టిన పాటలు ఎవరివి? గ్రాహమ్‌లా ఆయన జీతం తీసుకున్న ఉద్యోగి కాదు కాబట్టి అవి ఆయన సొంతం అయ్యే అవకాశమే ఎక్కువ. కాదని సంస్థ వాదించనూ కూడదు. ఆయన పేరుతోనే, ఎప్పటికీ ప్రదర్శించుకోవడానికి సంస్థకు అనుమతి ఇస్తున్నట్టు ఒక లేఖ రాయించుకుంటే చాలు. ఈ లేఖ అడగడం లెక్కలు అడగడం కన్నా తేలిక, ఆయనకు గర్వంగా కూడా ఉంటుంది.

ఆ అమ్మాయి విషయానికి వస్తే, మాస్టారి కూతురు కావడం ఆమె తప్పు కాదు, అర్హత కూడా కాదు. కుటుంబం కళను నడపడంలో చెడేమీ లేదు. 1885లో మొదలైన సురభి నాటక సమాజం తరతరాలుగా కుటుంబాల చేతుల్లోనే బతికింది. కానీ అక్కడ సమాజమూ జీవనమూ వారివే, కష్టనష్టాలూ వారివే. మీది నలుగురి విరాళాలతో, నలుగురి పిల్లల కోసం, నమోదై నడుస్తున్న సంస్థ. ఇక్కడ కుటుంబం నుంచి ఒకరు రావచ్చు, కుటుంబమే కార్యవర్గం కాకూడదు. ఆమె అధ్యక్షురాలైతే తల్లి కోశాధికారిగా, మేనమామ ఉపాధ్యక్షుడిగా ఉండడం కుదరదని ఆమెకే చెప్పండి. దాతల షరతు లేకపోయినా అది కుదరకూడదు. తనకు తానే రశీదు రాసి, తానే సంతకం చేసి, తానే ఆమోదించుకునే ఏర్పాటులో ఎంత మంచివారైనా ఏదో ఒకరోజు మాటపడతారు.

ఆమె మిమ్మల్ని "అక్కా" అని పిలిచి అడిగిన ప్రశ్నకు మీరు జవాబు బాకీ ఉన్నారు. ఆమె ధైర్యం చేసి అడిగింది, మౌనం విని వెళ్లిపోయింది. ఆ మౌనాన్ని ఆమె "అవును, ఇష్టం లేదు" అనే చదువుకుని ఉంటుంది. మాస్టారి కంటే ముందు ఆమెతోనే కూర్చోవడం కూడా ఒక దారి. తండ్రి లెక్కల చిక్కు రేపు నెత్తికెత్తుకోవలసింది తానే కాబట్టి, ఇప్పుడే తేల్చమని మీకన్నా గట్టిగా అడగవలసింది ఆమె. కలిసివస్తే మీకు పెద్ద అండ. ప్రమాదం ఏమిటంటే, మీరిద్దరూ ఆయన వెనక మాట్లాడుకున్నారని తెలిస్తే ఆయన ఇద్దరికీ దూరమవుతారు. కాబట్టి ఆమెతో మాట్లాడినా, "ఈ మాటే నాన్నగారికీ చెప్పబోతున్నాను" అని ముందే చెప్పి మాట్లాడండి.

ఇప్పుడు మీ గురించి. మాస్టారికి ఏం కావాలో, ఉపాధ్యాయులకు ఏం కావాలో, మీ భర్త ఏమంటున్నారో, దాతలు ఏం అడుగుతున్నారో అంతా వివరంగా రాశారు. మీకు అధ్యక్షురాలు కావాలని ఉందో లేదో మాత్రం ఎక్కడా రాయలేదు. బహుశా ఆ కోరిక ఉండడమే తప్పని మీకు అనిపిస్తోంది. ఉంటే తప్పు లేదు. ఆరేళ్లుగా సంస్థ పని మోస్తున్నవారికి దాన్ని నడపాలని ఉండడంలో దురాశ ఏమీ లేదు. లేకపోతే, ఉపాధ్యాయుల కోసమని నిలబడకండి. నలుగురు కలిసి ముందుకు తోస్తే ఎక్కిన కుర్చీలో, వారికి నచ్చని నిర్ణయం తీసుకున్న మొదటి రోజే ఒంటరిగా మిగులుతారు.

వారిని ఒక మాట అడగండి: "నా వెనక నిలబడతామన్నారు కదా, పక్కన నిలబడతారా?" అంటే కార్యవర్గంలోకి వస్తారా, కోశాధికారి పని నెత్తికెత్తుకుంటారా, నెలకోసారి సమావేశానికి కూర్చుంటారా? వారి కోపం వెనక న్యాయమైన కారణం ఉండి ఉంటుంది. గౌరవ వేతనం సమయానికి అందకపోవడమో, తమ మాట వినేవారు లేకపోవడమో. అది అధ్యక్షుడు మారితే తీరేది కాదు, పద్ధతి మారితే తీరేది. ఒకరిద్దరైనా కార్యవర్గంలోకి వస్తామంటే, సమావేశాలకు రాని ఆ ఇద్దరి స్థానాలు వారికివ్వమని అడగడం న్యాయం. వారు సరేనంటే పోటీ అవసరమే తగ్గిపోవచ్చు. మేం పాఠం మాత్రమే చెబుతాం, మిగతాది మీరు చూసుకోండి అంటే, మీరు ఎవరి బలం చూసుకుని పోటీకి దిగబోతున్నారో మీకు తెలిసిపోతుంది.

పోటీ చేసి గెలిస్తే ఏమవుతుందో కూడా ముందే చూసుకోవాలి. మాస్టారు బయటకు వెళ్లిపోవచ్చు. ఆయనతో పాటలు, నాటకాలు, పాత విద్యార్థుల అభిమానం, కొందరు దాతలు వెళ్లవచ్చు. పిల్లల తల్లిదండ్రులు రెండు వర్గాలవుతారు. సంస్థ బతుకుతుంది గాని మొదటి ఏడాదంతా గాయం మానడానికే సరిపోతుంది. ఓడిపోతే మీరు కార్యదర్శిగా కొనసాగడం ఇద్దరికీ కష్టం. ఈ రెండిటి మధ్య ఇంకొకటి ఉంది: ఈ ఏడాది అధ్యక్ష ఎన్నిక వాయిదా వేసి, మాస్టారినే మరో ఏడాది కొనసాగించి, ఆ ఏడాదిలో లెక్కలు, సభ్యుల జాబితా, నిబంధనావళి మూడూ సరిచేస్తామని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయడం. నిబంధనావళి అందుకు ఒప్పుకోవాలి, అది చూసుకోండి. ఈ దారిలో ఎవరూ ఓడరు. కాని గడువు తేదీలు తీర్మానంలోనే రాసి ఉండకపోతే ఇది ఏమీ చేయకపోవడంతో సమానమవుతుంది. నాకు ఈ దారి మీదే మొగ్గు ఎక్కువ. అయితే ఉపాధ్యాయులు ఏడాది ఆగగలరా అన్నది నాకన్నా మీకే బాగా తెలుసు.

దాతల డబ్బు గురించి తొందరపడకండి. మూడేళ్ల సాయం మూడేళ్లకు ఆగుతుంది. దాన్ని చూసుకుని పెంచిన ఖర్చులు ఆగవు. సమయం కావాలని వారికి ఉన్నదున్నట్టు రాయండి: లెక్కలు సరిచేసుకుంటున్నాం, ఫలానా నెలకు ఆడిట్ పూర్తవుతుంది అని. ఇలాంటి సంస్థలను చాలా చూసినవారే వారు. ఆగగలిగితే ఆగుతారు. ఆగకపోయినా, సరైన లెక్కలున్న సంస్థ మరో తలుపు తట్టగలదు. ఆ సాయాన్ని మాస్టారి మీద కొరడాలా మాత్రం వాడకండి. "ఒప్పుకోకపోతే డబ్బు పోతుంది" అన్న మాట మీ నోట వస్తే, ఆయనకు ఇక అది డబ్బు కోసం జరుగుతున్న గొడవలాగే కనిపిస్తుంది.

ఏమీ చేయకుండా ఉండడం గురించి రెండు మాటలు చాలు. ఉపాధ్యాయులు ఒక్కొక్కరే వెళ్లిపోతారు, పిల్లలు తగ్గుతారు, మాస్టారి ఆరోగ్యం ఒకరోజు అడ్డం తిరిగితే ఆ మర్నాడు హాలు అద్దె ఎవరు కడతారో తెలియని స్థితి వస్తుంది.

కృతజ్ఞత గురించి అడిగారు. మీకు ఫీజు కట్టినప్పుడు మాస్టారు మీ నుంచి విధేయత కొనుక్కోలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. కొనుక్కునే ఉద్దేశమే ఉంటే ఇన్నేళ్లలో ఒక్కసారైనా గుర్తుచేసి ఉండేవారు, ముఖ్యంగా ఆ రిహార్సల్ రోజు, అంత కోపంలో. చేయలేదు. ఆయన మీ చదువుకు పెట్టిన డబ్బు, మీరు నాలుగు కాగితాలు చదివి అర్థం చేసుకుని, తప్పు కనిపిస్తే తప్పని చెప్పగల మనిషి కావడానికే. ఆ చదువును ఆయన సంస్థ కోసమే ఉపయోగిస్తున్నారు మీరు. దాన్ని ఎదురుతిరగడం అని ఎవరైనా అనవచ్చు. మీరు మాత్రం అనుకోకండి.

అన్నీ ప్రయత్నించాక కూడా లెక్కలు తెరవడానికి ఆయన ఒప్పుకోకపోతే అప్పుడు రాజీనామా న్యాయమైన దారే. అది పారిపోవడం కాదు. కొత్త సంస్థ పెట్టుకోమని ఉపాధ్యాయులు అప్పుడు అడుగుతారు. ఆ ఆలోచన వస్తే కనీసం కొన్ని నెలలు గడవనివ్వండి. పాత సంస్థ పిల్లలను పేరు పేరునా పిలవకండి, లేకపోతే పిల్లలే పంపకపు వస్తువులవుతారు.

రాజీనామా చేసే పక్షంలో కాగితం పని పూర్తిచేసి వెళ్లండి. లేఖ అధ్యక్షుడికి ఒక్కరికే కాకుండా కార్యవర్గం మొత్తానికి ఇవ్వండి, అందినట్టు నకలు మీద సంతకం తీసుకోండి. అందులో ఎవరినీ నిందించక్కర్లేదు. ఫలానా ఏడాది లెక్కల పత్రం మీద మీరు సంతకం చేయలేదన్న ఒక్క వాక్యం మాత్రం ఉండాలి. మినిట్స్ పుస్తకం, సభ్యుల జాబితా, ఒప్పందాలు, మీ దగ్గరున్న రశీదు పుస్తకాలు జాబితా రాసి అప్పగించండి. బ్యాంకులో మీ సంతకం ఉంటే దాన్ని తొలగించినట్టు లేఖ తెచ్చుకోండి. సంస్థను నమోదు చేసిన కార్యాలయంలో కార్యవర్గ మార్పు దాఖలైందో లేదో కనుక్కోండి. అది దాఖలయ్యేవరకు బయటివారి దృష్టిలో కార్యదర్శి మీరే.